గుంతకల్లు యార్డును బల్ల మీద పెట్టాలంటే: ఎన్ స్కేలా, హెచ్‌ఓనా?

బురుజు_కింద (కర్నూలు)
అందరికీ నమస్కారం. ఇన్నాళ్లూ ఇక్కడ చదవడమే తప్ప రాసింది లేదు. మేడ మీద గది ఒకటి ఖాళీ అయింది, 10 అడుగులకు 9. అందులో నమూనా రైళ్లతో డోన్ జంక్షన్ కట్టాలని కోరిక. అదీ మీటర్ గేజ్ (పట్టాల మధ్య మీటరే ఎడం) రోజుల డోన్: ఒకవైపు గుంతకల్లు, ఒకవైపు నంద్యాల, ఇంకోవైపు మా కర్నూలు మీదుగా సికింద్రాబాద్.

ఎన్ స్కేల్‌కి పోవాలా, హెచ్‌ఓకి పోవాలా తేల్చుకోలేకున్నా. గది స్లాబుదే గానీ మే నెల మధ్యాహ్నం లోపల కూర్చోలేం. పట్టాలు తట్టుకుంటాయా? పైగా ఇంట్లో ఒక షరతు ఉంది. చుట్టాలొస్తే మంచం వేసేంత చోటు వదలాలి.

అనంత_ఎన్ (అనంతపురం)
స్వాగతం అన్నా. ముందు లెక్క వేసుకుంటే స్కేలు సంగతి దానంతటదే తేలుతుంది.

హెచ్‌ఓ అంటే 1:87, నిజం కొలతలో 87వ వంతు, పట్టాల మధ్య 16.5 మి.మీ. ఎన్ అంటే 1:160, పట్టాల మధ్య 9 మి.మీ. ఎల్‌హెచ్‌బీ (కొత్త రకం) పెట్టె ఒకటి సుమారు 24 మీటర్లు. 24 పెట్టెలు, ముందు ఇంజను కలిపితే బండి 600 మీటర్లకు కాస్త తక్కువ. హెచ్‌ఓలో అది 6.8 మీటర్లు, అంటే 22 అడుగులు. నీ గది దాటి పక్కింటి వంటింట్లోకి పోతుంది. ఎన్‌లో 3.7 మీటర్లు, 12 అడుగులు. అదీ పట్టదు. ఏ స్కేలైనా బండిని కుదించక తప్పదు. ఎన్‌లో ఎనిమిది పెట్టెలంటే 1.2 మీటర్లు, నీ గదిలో చూడ్డానికి బాగుంటుంది.

అసలు తిప్పలు మలుపుల దగ్గర. మన బ్రాడ్ గేజ్ మీద అనుమతించే అతి బిగువైన మలుపు 10 డిగ్రీలు, వ్యాసార్ధం 175 మీటర్లు. దాన్ని ఎన్‌లోకి దించినా 1.1 మీటరు వస్తుంది. వెనక్కి తిరిగి రావాలంటే బల్ల 7 అడుగుల పైనే వెడల్పు ఉండాల. మనం వాడే కాటో కంపెనీ మలుపుల వ్యాసార్ధం 282, 315 మి.మీ. నిజం బండి అయితే ఆ మలుపులో పట్టాలు దిగి సెనగ చేలో ఉంటుంది. డోన్ నుంచి కర్నూలుకు ఉన్న దూరాన్ని 1:160లో పరిచినా 300 మీటర్లు దాటుతుంది. దూరాల విషయంలో మనమంతా అబద్ధాలే ఆడతాం. స్టేషను మాత్రం నిజంగా ఉండాల.

నా ఓటు ఎన్‌కే.

పదహారున్నర (ప్రొద్దుటూరు)
లెక్కలు బాగున్నాయి తమ్ముడూ, కళ్లను, వేళ్లను కూడా ఆ లెక్కలో వెయ్యి. నలభై దాటినాక ఎన్ స్కేల్ కప్లింగ్ (పెట్టెలు కలిపే కొక్కెం) తగిలించాలంటే భూతద్దం పట్టుకోవాల్సిందే. డబ్ల్యూడీఎం-2 డీజిల్ ఇంజను హెచ్‌ఓలో 197 మి.మీ. చేతిలోకి తీసుకుంటే ఇంజను అనిపిస్తుంది. ఎన్‌లో అదే 107. పోగొట్టుకుంటే మంచం కింద వెతుక్కోవాల.

ఇంకోటి. మన ఐసీఎఫ్ (పాత రకం) పెట్టెలు, మన ఆల్కో డీజిల్ ఇంజన్లు చేసే చిన్న తయారీదార్లు ఎక్కువగా హెచ్‌ఓలోనే చేస్తారు. ఎన్‌లో దొరికేవి చాలావరకు జపాన్, అమెరికా, యూరప్ బండ్లు. జపాన్ బుల్లెట్ రైలు షింకన్‌సెన్‌ని డోన్ ప్లాట్‌ఫాం మీద ఆపుతావా?

అనంత_ఎన్ (అనంతపురం)
అన్నా, హెచ్‌ఓ పట్టా 16.5 మి.మీ. మన బ్రాడ్ గేజ్ 1676 మి.మీ. 1:87లో అది 19.3 రావాల. మీ డబ్ల్యూడీఎం-2 కూడా ఇరుకు చెప్పులేసుకునే నడుస్తోంది, మర్చిపోవద్దు.

పదహారున్నర (ప్రొద్దుటూరు)
నీ ఎన్‌లో మాత్రం? 10.5 రావాల్సింది 9 మీద నడుస్తోంది. ఇద్దరిదీ ఇరుకే. బండి పక్క నుంచి కదా చూస్తాం, ముక్కు మీద కూర్చుని కాదు.

గార్డు_పెట్టె (గుంతకల్లు)
నేను రిటైరైన గార్డుని. ఈ స్కేళ్ల గొడవ నాకు మనవడు చెప్పినంతే తెలుసు. వాడి దగ్గర మీరు పెట్టే వీడియోలన్నీ చూశా. ఒక్క మాట అడుగుతా, కోప్పడద్దండి. మీ బండ్లలో ఒక్కదానికైనా వెనక ఎల్‌వీ (లాస్ట్ వెహికిల్, అంటే చివరి పెట్టె) బోర్డు ఎందుకు లేదు? చివరి పెట్టె వెనక పసుపు పలక మీద ఎల్‌వీ అని నల్లటి అక్షరాలు ఉంటాయి. బండి మొత్తం వచ్చిందా, మధ్యలో తెగి సగం వెనక నిలిచిపోయిందా అన్నది స్టేషన్ మాస్టర్‌కి తెలిసేది దాన్ని చూసే. అది కనబడకపోతే వెనక సెక్షన్‌లోకి ఇంకో బండిని వదలరు. ఇంజను మీద నంబరు కూడా సరిగ్గా రాస్తారు గానీ తోక మాత్రం మోడుగా వదిలేస్తారు. బియ్యపు గింజంత కాగితం ముక్క చాలు కదా.

డోన్ అన్నారు కాబట్టి ఇంకో సంగతి. సింగిల్ లైన్ మీద బాల్ టోకెన్ ఉండేది. ఉక్కు బంతి. దాన్ని తోలు సంచీలో వేసి, సంచీకి పెద్ద రింగు తగిలించి ఉండేది. ఆగని బండైతే డ్రైవర్ వైపు నుంచి పాత టోకెన్ వదిలి, కొత్తది చేతికి తగిలించుకునేవాళ్లు. రాత్రిపూట పోర్టరు కాగడా పట్టుకుని నిలబడేవాడు. ఆ టోకెన్ చేతిలో లేనిదే బండి ముందుకు కదలడానికి లేదు. మీ స్టేషన్లో ఒక మనిషి బొమ్మ రింగు ఎత్తి పట్టుకుని నిలబడితే, అది ఏ కాలమో వేరే చెప్పనక్కర్లేదు.

అయినా గది అంత చిన్నదంటున్నారు, డోన్ ఎందుకు? గుంతకల్లు చెయ్యండి. బ్రాడ్ గేజ్, మీటర్ గేజ్ రెండూ పక్కపక్కన ఉండేవి. ఒక గేజ్ వ్యాగన్లోంచి ఇంకో గేజ్ వ్యాగన్లోకి మూటలు మోసేవాళ్లు. ట్రాన్‌షిప్‌మెంట్ అనేవాళ్లం. మధ్యలో ప్లాట్‌ఫాం, అటొక బండి, ఇటొక బండి, నడుమ హమాలీలు. మీటర్ గేజ్ వ్యాగన్ చిన్నది, కాబట్టి ఇటు ఖాళీ చేసిన సరుకు అటు పూర్తిగా పట్టదు. లెక్క ఎప్పుడూ తెగేది కాదు.

బురుజు_కింద (కర్నూలు)
సార్, ఇది చదివి లేచి రెండుసార్లు గదంతా తిరిగా. డోన్ వద్దు. ట్రాన్‌షిప్‌మెంట్ ప్లాట్‌ఫామే కడతా.

మరి మీటర్ గేజ్ పట్టా ఏ స్కేల్‌లో దొరుకుతుంది?

అనంత_ఎన్ (అనంతపురం)
ఎన్‌లో అయితే జెడ్ స్కేల్ పట్టా వాడతారు. జెడ్ అంటే 1:220, పట్టా 6.5 మి.మీ. 1000ని 160తో భాగిస్తే 6.25. పావు మిల్లీమీటరే తేడా, పీత కళ్లకు కూడా కనబడదు. హెచ్‌ఓలో అయితే టీటీ అనే ఇంకో స్కేలుది, 12 మి.మీ. పట్టా. అక్కడ 11.5 రావాల. రెండింట్లోనూ మీటర్ గేజ్ దాదాపు సరిగ్గా కుదురుతుంది. కుదరనిది మన బ్రాడ్ గేజే.

పదహారున్నర (ప్రొద్దుటూరు)
అంటే 9 పక్కన 6.5 పెడితే తేడా తక్కువగా కనిపిస్తుంది కదా. నిజంలో బ్రాడ్ గేజ్ మీటర్ గేజ్‌కి 1.68 రెట్లు. నీ బల్ల మీద 1.38 రెట్లే. గార్డు సార్ చూస్తే ఒప్పుకోరు.

గార్డు_పెట్టె (గుంతకల్లు)
ఒప్పుకుంటా. పెట్టె వెడల్పు సరిగ్గా ఉంటే చాలు. మాకు చీకట్లో గేజ్ తెలిసేది పట్టాలు చూసి కాదు, పెట్టె ఎక్కేటప్పుడు మెట్టు ఎత్తు చూసి.

నాపరాయి (యర్రగుంట్ల)
ఇంతవరకూ ఊరుకున్నా. నా మాట కొంచెం వేరే.

గది నిండా ఒక్కడే కట్టే రైలు లేఅవుట్ మన దగ్గర పూర్తవడం అరుదు. ఇల్లు మారతారు, పిల్లల చదువులని హైదరాబాద్ పోతారు, గది అద్దెకిస్తారు. అందుకే ముక్కలుగా కట్టే పద్ధతి మేలు. ఎన్ స్కేల్‌లో టీ-ట్రాక్ అని ఒక ప్రమాణం ఉంది. ముక్క వెడల్పు 308 మి.మీ., దాని మీద పట్టా పొడవు 310. కాటో 248 ముక్క, 62 ముక్క కలిపితే 310 వస్తుంది. రెండు వైపులా ఒక్కో మిల్లీమీటరు పట్టా బయటికి ఉంటుంది కాబట్టి పక్క ముక్క పట్టా క్లిక్‌మని తగులుకుంటుంది. చెక్కకి చెక్క ఆనాల్సిన పని లేదు. రెండు లైన్ల మధ్య దూరం 33 మి.మీ. మూలల్లో 282, 315 మలుపులు వాడేది అందుకే, వాటి తేడా కూడా 33. కాళ్ల కింద నాలుగు బోల్టులు తిప్పుకుని ఎత్తు సరిచేసుకోవచ్చు.

నీ ట్రాన్‌షిప్‌మెంట్ ప్లాట్‌ఫాంకి రెట్టింపు ముక్క సరిపోతుంది, 618 మి.మీ. వెడల్పు. ముందు రెండు 9 మి.మీ. లైన్లు అందరితో కలుస్తాయి. వెనక 6.5 లైను నీ సొంతం, ఎవరితోనూ కలవనక్కర్లేదు. పని అయ్యాక మంచం కింద పెట్టెయ్. చుట్టాలు ఆ మంచం మీదే పడుకుంటారు.

అంచు మాత్రం మిల్లీమీటరు కూడా తప్పకూడదు. లోపల నీ ఇష్టం. నేను యర్రగుంట్ల సిమెంటు సైడింగ్ (సరుకు బండ్ల పక్క లైను) కడుతున్నా. అనంత తమ్ముడు ఏదో ఒకటి కట్టుంటాడు. అందరం ఎక్కడో ఒకచోట కలిస్తే 20 అడుగుల లైను ఒక్క సాయంత్రంలో వస్తుంది, ఎవరింట్లోనూ 20 అడుగుల గది లేకుండానే.

అనంత_ఎన్ (అనంతపురం)
నా దగ్గర రెండు ముక్కలున్నాయి. ఒకటి గుత్తి కోట కింద నుంచి పోయే లైను. రెండోది చెప్పను, చూద్దురు.

బురుజు_కింద (కర్నూలు)
కరెంటు సంగతి? గుంతకల్లులో బండి ఒక వైపు వచ్చి, తిరిగి అదే లైన్‌లో వెనక్కి పోయేలా చివర ఒక లూపు పెట్టాలని కూడా ఉంది.

అనంత_ఎన్ (అనంతపురం)
లూపు పెడితే షార్ట్ సర్క్యూట్. రెండు పట్టాల్లో ఒకటి ప్లస్, ఒకటి మైనస్ అనుకో. లూపు చుట్టి తిరిగొచ్చేసరికి ఎడమ పట్టా వచ్చి కుడి పట్టాకి కలుస్తుంది. ట్రయాంగిల్‌కీ ఇదే గతి. లూపుకి రెండు చివర్లా, రెండు పట్టాలకీ ప్లాస్టిక్ జాయినర్లు వేసి విడదీయాల. లోపలి భాగానికి వేరే తీగ, మధ్యలో ప్లస్, మైనస్‌లను తారుమారు చేసే డీపీడీటీ స్విచ్. బండి లూపులోకి పూర్తిగా దిగినాక స్విచ్ తిప్పుకుని, మెయిన్ లైన్ దిశ మార్చి, బయటికి రప్పించాల. డీసీసీ అయితే ఆటో రివర్సర్ ఆ పని తనే చేసుకుంటుంది. ఇంజను ఆగదు.

డీసీసీ అంటే పట్టాలో ఎప్పుడూ కరెంటు ఉంటుంది, దాంతోనే ఇంజనుకి సంకేతం పోతుంది. ఇంజనులో ఉన్న డీకోడర్ తన నంబరు వింటేనే కదులుతుంది. ఒకే లైన్ మీద రెండు ఇంజన్లను వేర్వేరుగా నడపొచ్చు. ఆర్డుయినో అనే చిన్న సర్క్యూట్ బోర్డుతో చేసుకునే డీసీసీ-ఈఎక్స్ ఉంది, సాఫ్ట్‌వేర్ ఉచితం, టంకం పట్టడం వస్తే చాలు. ముక్కల పద్ధతికి మాత్రం మొదట మామూలు 12 వోల్టుల డీసీ పెట్టుకో. నీలం తీగ ఏ పట్టాకి, తెల్ల తీగ ఏ పట్టాకి అన్నది అందరం ఒకటే పాటిస్తే గొడవుండదు.

పరిశీలకుడు (ఊరు చెప్పలేదు)
ఇంత డబ్బు, ఇంత బుర్ర పెట్టి చివరికి బొమ్మ రైలేనా?

గార్డు_పెట్టె (గుంతకల్లు)
అవును బాబూ.

ఎర్రమట్టి (కడప)
మగవాళ్ల గేజ్‌ల గొడవ అయిపోయినట్టుంది, ఇక నేల సంగతి మాట్లాడతా. నేను బడిలో డ్రాయింగ్ చెబుతాను. ఎవరి లేఅవుట్ చూసినా ఒకటే బాధ, అంతా ఆకుపచ్చ. బయట నుంచి తెప్పించే గడ్డి పొట్లాలు ఏ ఇంగ్లండు పల్లెకో చేసినవి. గుంతకల్లు పక్కన ఆ పచ్చదనం మీరు ఎప్పుడైనా చూశారా? మనది ఎండు గడ్డి, కంప చెట్లు, తుమ్మలు, మధ్యమధ్య బండలు. అనంతపురం వైపు ఎర్ర నేల, నంద్యాల వైపు నల్లరేగడి. రంగు డబ్బా కొనకుండా ఆ ఊరి మట్టినే ఎండబెట్టి, పాత వోణీ గుడ్డలో జల్లించి వాడండి.

ఒక జాగ్రత్త. ఇసుక గానీ మట్టి గానీ పరిచే ముందు కాగితం మీద పోసి అయస్కాంతం తిప్పండి. మన మట్టిలో ఇనుప రజను బాగా ఉంటుంది. మీసాల్లాగా అంటుకుని వస్తుంది. అది వదిలేస్తే ఇంజను మోటారులోని అయస్కాంతం లాక్కుంటుంది, ఆ తర్వాత మోటారు కథ ముగిసినట్టే.

బ్యాలస్ట్, అంటే పట్టాల కింది కంకర, పట్టాల మధ్య పొడిగా పరిచి, మెత్తటి బ్రష్‌తో స్లీపర్ల మీద నుంచి దులిపి, ముందు నీళ్లు చిమ్మాలి. తర్వాత ఫెవికాల్‌లో సమానంగా నీళ్లు కలిపి, అంట్లు తోమే లిక్విడ్ ఒక చుక్క వేసి, సిరంజితో చుక్కచుక్కగా వదలాలి. ఆ లిక్విడ్ చుక్క లేకపోతే జిగురు లోపలికి దిగదు. పైనే ముత్యంలా నిలబడి రాళ్లను చెదరగొడుతుంది.

గడ్డి నిలబెట్టడానికి దోమల బ్యాట్ చాలు. పాడైపోయిన బ్యాట్‌లోని సర్క్యూట్ తీసి, ఒక తీగ ఇనుప టీ వడకట్టుకి, ఇంకో తీగ జిగురు పూసిన నేలలో గుచ్చిన మేకుకి కలపాలి. వడకట్టులో నైలాన్ గడ్డి వేసి బటన్ నొక్కి ఊపితే ప్రతి పోగూ నిక్కబొడుచుకుని జిగురులో నాటుకుంటుంది. ఆపాక కూడా కెపాసిటర్‌లో కరెంటు మిగిలి ఉంటుంది. ప్లాస్టిక్ పిడి ఉన్న స్క్రూడ్రైవర్‌తో రెండు తీగలూ ఒకసారి తాకించి ఖాళీ చెయ్యాలి. పిల్లల చేతికి ఇవ్వద్దు. గోనె పీచు ఇలా లేవదు. దాన్ని కుచ్చులుగా కత్తిరించి చేత్తోనే నాటాలి. కానీ మన ఎండు గడ్డికి గోనెను మించిన రంగు లేదు.

నాపరాయి (యర్రగుంట్ల)
అక్కా, నాప బండల కంచె ఎలా చేస్తారు? మా వైపూ, తాడిపత్రి, బేతంచెర్ల వైపూ పొలం గట్టున నిలబెట్టేవి.

ఎర్రమట్టి (కడప)
బండనే వాడు. పాలిష్ యూనిట్ల దగ్గర పడేసే పలచటి పెచ్చులు తెచ్చి చిదగ్గొడితే పొరలుగా విడిపోతుంది. మనిషి నడుమెత్తు బండ ఎన్‌లో 6 మి.మీ. వరసలో ఒక్కొక్కటీ కొంచెం వంకరగా పెట్టు, అన్నీ నిటారుగా ఉంటే కంచెలా కాదు, దువ్వెనలా ఉంటుంది.

త్రీడీ_కుర్రోడు (కర్నూలు)
బురుజు అన్నా, నేనూ కర్నూలే, ఇంజనీరింగ్ మూడో సంవత్సరం. త్రీడీ ప్రింటర్ ఉంది. ఐసీఎఫ్ పెట్టె ఎన్‌లో గీశాను, 139 మి.మీ. వచ్చింది. ఫైలు అందరికీ పెడతా, ఎవరైనా తీసుకోవచ్చు. మార్పులు చేస్తే మార్చిన ఫైలు కూడా ఇక్కడే పెట్టండి, అంతే.

మేడ మీద గది అన్నారు కాబట్టి చెబుతున్నా. పీఎల్‌ఏ ప్లాస్టిక్‌తో ప్రింట్ చేస్తే 60 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది. గదిలో 45 ఉన్నా భయం లేదు. కానీ కిటికీలోంచి నేరుగా ఎండ పడే చోట నల్లటి ఇంజను పెట్టినా, ఎండలో నిలిపిన బండి డిక్కీలో పెట్టినా వంగిపోతుంది. మనం కలిసినప్పుడు తెచ్చేవి పీఈటీజీ అనే ఇంకో ప్లాస్టిక్‌తో చేద్దాం, అది 80 వరకూ ఆగుతుంది.

పట్టాలకు భయం లేదు. నికెల్ సిల్వర్ పట్టా మీటరు పొడవుకి, 30 డిగ్రీలు వేడెక్కితే అర మిల్లీమీటరు సాగుతుంది. చలికాలంలో బిగిస్తే సందు వదలాలి, ఎండాకాలంలో బిగిస్తే అక్కర్లేదు. చెక్కే ఎక్కువ ఇబ్బంది పెడుతుంది, అదీ వేడికి కాదు, తేమకి. ప్లైవుడ్‌కి పైనా కిందా, అంచులకూ పెయింట్ వేస్తే సరి. పట్టాలు తుడవడానికి ఐసోప్రొపైల్ ఆల్కహాల్, మొబైల్ రిపేర్ షాపుల్లో దొరుకుతుంది. గరుకు కాగితంతో రుద్దొద్దు. గీతల్లోనే మురికి పట్టేది.

పదహారున్నర (ప్రొద్దుటూరు)
మీరంతా ఎన్ వైపే పోయారు. సరే. కానీ హెచ్‌ఓ ఏం చేయగలదో చూడాలంటే గుంతకల్లులో ఉద్యాన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి పుణెలో దిగండి. అక్కడ జోషి వాళ్ల మినియేచర్ రైల్వేల మ్యూజియం ఉంది, 1998 నుంచి నడుస్తోంది. లైట్లార్పి ఊరంతా రాత్రి చేసి చూపిస్తారు. హాంబర్గ్‌లోని మినియటూర్ వుండర్‌లాండ్ కూడా హెచ్‌ఓనే, 2001లో కవల అన్నదమ్ములు తెరిచారు. అంత దూరం పోలేం, వీడియోలు చూడండి.

బురుజు_కింద (కర్నూలు)
ముక్క సగం అయింది, ఫోటోలు పెట్టా. ముందు రెండు లైన్లు పడ్డాయి. వెనక మీటర్ గేజ్ పట్టా, మధ్యలో ప్లాట్‌ఫాం. గార్డు సార్, తప్పులు చెప్పండి.

గార్డు_పెట్టె (గుంతకల్లు)
ప్లాట్‌ఫాం మరీ శుభ్రంగా ఉంది. సరుకు దింపే చోట సిమెంటు, వేరుశనగ పొట్టు, తెగిన సుతిలీ తాడు ఉంటాయి. స్టేషన్ బోర్డు పసుపు మీద నలుపు బాగుంది, కానీ పైన హిందీ రాశారు. పైన తెలుగు, తర్వాత హిందీ, కింద ఇంగ్లీషు. సెమాఫోర్ (చెయ్యి సిగ్నల్) నిలబెట్టారు, దానికి తీగ ఏది? క్యాబిన్ నుంచి స్తంభం దాకా పట్టా పక్కనే చిన్న గూటాల మీద తీగ పోవాల. లేకపోతే ఆ చెయ్యి ఎవరు లాగుతారు?

హమాలీల బొమ్మలు బాగున్నాయి. ఒకడు కూర్చుని బీడీ కాలుస్తున్నట్టు పెట్టండి, అందరూ ఒకేసారి పని చెయ్యరు.

బురుజు_కింద (కర్నూలు)
తీగకి చేప గాలం దారం వేస్తా సార్. ఎల్‌వీ బోర్డు అయిపోయింది, జూమ్ చేసి చూడండి.

నాపరాయి (యర్రగుంట్ల)
ఇక కలిసే సంగతి. గుంతకల్లు అయితే అందరికీ రైలుంది. గార్డు సార్ వాళ్ల వీధిలో చిన్న కల్యాణ మంటపం మాట్లాడతానన్నారు. ముక్కలు లెక్కేశాను, నిలువు లైన్లకు సరిపోను ఉన్నాయి. మూలలు మాత్రం ఎవ్వరూ చెయ్యలేదు! నాలుగు మూలలు లేకపోతే బండి ఎక్కడ తిరుగుతుంది? అందరికీ స్టేషనే కావాల, వంతెనే కావాల, మూల ఎవరికీ వద్దు.

అనంత_ఎన్ (అనంతపురం)
నాకు వచ్చే నెల ఆడిట్ అన్నా.

త్రీడీ_కుర్రోడు (కర్నూలు)
నాకు సెమిస్టర్ పరీక్షలు.

ఎర్రమట్టి (కడప)
చెక్క కోసి ఇస్తే నేల నేను చేస్తా. రంపం నాతో కాదు.

పదహారున్నర (ప్రొద్దుటూరు)
మూలలు నాలుగూ నేను కోస్తా. మా తమ్ముడిది ఫర్నిచర్ షాపు, మిషను ఉంది. పట్టాలు మీవి, చెక్క నాది. కానీ మంటపంలో ఒక టేబులు నాకు వదలాల, పిల్లలు రెగ్యులేటర్ తిప్పుకోవడానికి హెచ్‌ఓ రౌండు ఒకటి పెడతా. పెద్దోళ్లు ఎవరి దగ్గరికి వస్తారో, పిల్లలు ఎవరి దగ్గరికి వస్తారో చూద్దాం. ప్లై 9 మి.మీ. చాలా, 12 వేయాలా?

నాపరాయి (యర్రగుంట్ల)
9 చాలన్నా, 12 అయితే మోయలేం. కింద అంచుకి మాత్రం గట్టి బద్ద కొట్టు, బోల్టులు దాంట్లోనే బిగించాల. కొలతలు గీసి రాత్రికి పెడతా.